అనంతం, ఎత్తు ముప్ఫై ఎనిమిది మీటర్లు

మార్చి 3

డెబ్భై మూడో అర తొలి కొలత ఇవాళ్టితో అయింది. నేను, మస్తాన్ వలీ అన్న, రెండు ఇత్తడి గంటలు, ఒక బెలూను, ఒక మోటారు బండి. నాలుగు రోజులు పట్టింది.

ఎక్కడైనా ఉన్నట్టుండి ఒక వాకిలి తెరుచుకుని దాని వెనక ఇంకో చోటు దొరికితే దాన్ని అర అంటాం; ఈ అర వాకిలి మా కొలతల శాఖ ఆవరణలోనే, క్యాంటీను వెనక తెరుచుకుంది. దాటి లోపలికి వెళ్తే మొదట కనిపించేది మైదానం. బూడిదరంగు గట్టి నేల, చెట్టూ పుట్టా లేదు. పైన పాలరంగు వెలుతురు. సూర్యుడు లేడు. ఆ వెలుతురే రోజుకి పన్నెండు గంటలు వచ్చి పోతుంది. లోపల ఇరవై ఆరు డిగ్రీలు, హాయిగా ఉంది. తూర్పు అని మేం పేరు పెట్టుకున్న వైపు ఎనభై కిలోమీటర్లు పోయాం, అంతు దొరకలేదు. ఉత్తరం వైపు ఎనభై, అంతు దొరకలేదు.

"ఇక్కడ జిల్లాకి జిల్లా పెట్టొచ్చు సువార్తమ్మా," అన్నాడు వలీ అన్న. పరికరాల మెకానిక్కు ఆయన. నాకంటే పదేళ్ళు పెద్ద, నాకంటే నలభై అరలు ఎక్కువ చూశాడు.

"గంట కొట్టు, చూద్దాం," అన్నాను.

కొట్టాడు. నేను బండి మీద దూరం పోతూ శబ్దం కొలిచాను. మన లోకంలో దూరం రెట్టింపైతే గంట శబ్దం నాలుగో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే శబ్దం పక్కలకీ పోతుంది, పైకీ పోతుంది. ఇక్కడ మొదటి వంద మీటర్లూ అలాగే పడింది. ఆ తర్వాత దూరం రెట్టింపైతే సగమే పడింది. ఆరు కిలోమీటర్ల దూరాన కూడా ఆ గంట పక్క వీధిలో మోగుతున్నట్టు వినపడింది. శబ్దానికి పైకి పోయే దారి లేదన్నమాట.

బెలూను వదిలాం. ముప్ఫై ఎనిమిది మీటర్లకి ఆగింది. అక్కడ కప్పు లేదు, అడ్డు లేదు. 'పైకి' అనేదే అక్కడితో అయిపోతుంది.

వలీ అన్న దారం చుట్టేసి, "జిల్లా కాదులే, చాప," అన్నాడు.

మార్చి 6

ధ్రువపత్రం రాశాను. రెండు కాగితాలు. మొదటిది పరిమాణం: అంతు దొరకలేదు. రెండోది దిశలు: రెండు పూర్తి దిశలు, మూడోది ముప్ఫై ఎనిమిది మీటర్లతో సరి. రెండో కాగితం కింద గమనిక కూడా రాశాను. వేడి, పొగ పైకి పోవు. వాకిలి చుట్టుపక్కల నూట యాభై కుటుంబాలకి మించి ఉండరాదు. పొయ్యిలు వెలిగించరాదు.

డైరెక్టర్ చక్రపాణి గారు మొదటి కాగితం చదివి, "రెండింటి మీదా సంతకం పెట్టండి, నేను జత చేసి పంపిస్తాను," అన్నారు. ఎప్పుడూ అలాగే జరుగుతుంది. పెట్టాను.

మార్చి 19

క్యాంటీను దగ్గర నోటీసు బోర్డు మీద అచ్చు వేసిన కాగితం చూశాను. డెబ్భై మూడో అర. పరిమాణం: అనంతం. తరగతి: మొదటిది. జనాభా పరిమితి: లేదు. కొలిచినవారు: తలారి సువార్త. కింద మొదటి కాగితం మీది నా సంతకం.

రెండో కాగితం లేదు.

అప్పటికే వాకిలి ముందు ట్రాలీలు నిలబడి ఉన్నాయి. ఉప్పలగెడ్డ వాళ్ళు. వాళ్ళ ఊరిని సముద్రం తీసుకుని రెండేళ్ళయింది. గుట్ట కింద శిబిరంలో రేకుల పాకల్లో ఉంటున్నారు. ఆ శిబిరం స్థలం కొత్త రేవుకి కావాలిట, నెలాఖరులోగా ఖాళీ చేయించాలిట. వెయ్యిన్నూట నలభై కుటుంబాలు. మంచాలు, వలలు, గ్యాసు బండలు, కోళ్ళ బుట్టలు వరసగా లోపలికి పోతున్నాయి.

డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను. ఊళ్ళో లేరన్నారు. ఆయన కారు కిందే ఉంది.

మా నాన్న భూముల సర్వేలో గొలుసు లాగేవాడు. మోకాళ్ళ లోతు బురదలో దిగి గొలుసు లాగింది నాన్న, కాగితం మీద పేరు మాత్రం గట్టున నిలబడ్డవాడిది. నా పేరు కాగితం మీద పడ్డ రోజున ఆయన, చెరిగిపోతుందేమో అన్నట్టు, వేలు తగలకుండా దాన్ని చూశాడు. ఇవాళ ఆ పేరు అబద్ధం కింద ఉంది. పట్టుకుని చింపేద్దామనుకున్నాను. బోర్డుకి అద్దం తలుపు, తాళం.

మార్చి 28

థర్మామీటరు తీసుకుని లోపలికి వెళ్ళాను. ముప్ఫై ఒకటి.

నీళ్ళ కుళాయిలు వాకిలి దగ్గరే. బియ్యం పంచేది వాకిలి దగ్గరే. అందుకని ఇళ్ళన్నీ వాకిలి చుట్టూ రెండు కిలోమీటర్ల లోపలే. దూరం పోయి పాక వేసుకున్న కొన్ని కుటుంబాలు బిందెలు మోయలేక నాలుగో రోజుకే వెనక్కి వచ్చేశాయిట. వంట పొగ తల మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. కదలడం లేదు. ఒక పాకలో మాటలు ఇరవయ్యో పాకలోకి వినపడుతున్నాయి. కిలోమీటరు అవతల ఎవరో దగ్గితే నా వెనకే దగ్గినట్టుంది.

ఒకావిడ పాక ముందు కూర్చుని వల ముళ్ళు విప్పుతోంది. అరవై ఏళ్ళుంటాయి. నా చేతిలో థర్మామీటరు చూసి, "డాకటరమ్మవా?" అంది.

"కాదు పిన్నీ. ఈ చోటు కొలిచేదాన్ని."

"ఓలమ్మ, కొలతమ్మవా. అయితే సెప్పు. గాలేటి ఇలాగుంది? పొగ ఎల్డం లేదు. పిల్లలకి ఒళ్ళంతా సెమటకాయలు. రేతిరి చల్లబడతాదేమోనని సూత్తే రేతిరీ ఇంతే."

నా పేరు చెప్పాను. ఆవిడ పేరు మైలపిల్లి పోలమ్మ. లోపల మంచం మీద ఆవిడ భర్త గురయ్య ఉన్నాడు. నలభై ఏళ్ళు పడవ మీద తిరిగినవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు బాగాలేవు. మాట్లాడటానికి గాలి కూడబెట్టుకుంటున్నాడు. వేలు పైకి చూపించి, "అది ఆకాశం కాదు గదమ్మా," అన్నాడు.

"కాదు మావయ్యా," అన్నాను.

"నాను ముందే సెప్పాను దీనికి," అని భార్య వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

పొయ్యిలు ఆపమని చెప్పాను. గ్యాసు మీద రోజుకి ఒక్కసారే వండుకోమన్నాను. పోలమ్మ నన్ను కాసేపు చూసి, "ముసిలోడికి గంజి వేడిగా లేపోతే దిగదు," అంది. నాకు ఒళ్ళు మండింది, ఆవిడ మీద కాదు.

ఏప్రిల్ 4

ముప్ఫై నాలుగు.

ఇవాళ డైరెక్టర్ గారు దొరికారు. గదిలో ఏసీ, టేబుల్ మీద రెండు కాగితాలూ ఉన్నాయి. రెండో కాగితాన్ని ఆయనేమీ దాచుకోలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"కూర్చోండి సువార్త గారూ. మీరు లెక్కలు తెలిసిన మనిషి కాబట్టి లెక్కల్లోనే మాట్లాడుకుందాం. ఈ అర పొడవెంత?"

"అంతు లేదు సార్."

"వెడల్పు?"

"అంతు లేదు."

"ఎత్తు ముప్ఫై ఎనిమిది మీటర్లు. అంతులేనిదాన్ని ముప్ఫై ఎనిమిదితో గుణిస్తే ఎంతొస్తుంది? అంతులేనిదే గదా. పరిమాణం అనంతం. అనంతంలో వెయ్యి కుటుంబాలు పట్టవా? లక్ష పట్టవా? రెండో కాగితం పెట్టినా పెట్టకపోయినా జవాబు మారదు. అనవసరంగా జనాన్ని భయపెట్టడం ఎందుకని తీసి పక్కన పెట్టాను."

"సార్, వేడికి పరిమాణం అక్కర్లేదు. దారి కావాలి. పైకి దారి లేదు. పక్కలకి పోవాలంటే ఆ పక్కవాడి వేడి ఎదురొస్తుంది. మనిషి ఉండేది అనంతంలో కాదు సార్, కుళాయి దగ్గర."

"అయితే దూరం పొమ్మనండి. చోటుకేం తక్కువ?"

"నీళ్ళ పైపు ముప్ఫై కిలోమీటర్లు వెయ్యండి, పొమ్మంటాను."

"అది వేరే శాఖ."

నా ముందు ఆయన అబద్ధం ఆడలేదు. అదే నా బాధ. అబద్ధం ఆడితే పట్టుకోవచ్చు. ఈయన నిజంలో సగం కాగితాన్ని పక్కన పెట్టి మిగతా సగం గోడకి అంటించాడు. తలుపు దాకా వచ్చాక, "మీరు సంతకం పెట్టింది మీ ఇష్టంతోనే గదా," అన్నారు వెనక నుంచి, చాలా మర్యాదగా.

మెట్లు దిగుతుంటే తట్టింది. మొదటి కాగితం మీద 'రెండో కాగితంతో కలిపి చదవాలి' అని ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఒక్క ముక్క.

ఏప్రిల్ 9

ముప్ఫై ఆరున్నర.

నేను పెట్టిన ఫిర్యాదు మీద కమిటీ వచ్చింది. ముగ్గురు. ఉదయం ఏడింటికి వచ్చారు. వాళ్ళు రాకముందే వాకిలి దగ్గర ఆరు పెద్ద ఫ్యాన్లు పెట్టి బయటి గాలిని లోపలికి తోలారు. మొదటి వరస పాకల దాకా నడిచారు. డైరెక్టర్ గారు చెయ్యి చాపి నాలుగు పక్కలా చూపించారు. "ఎంత విశాలమో చూడండి." ముగ్గురూ పక్కలకి చూశారు. పైకి ఒక్కరూ చూడలేదు.

పోలమ్మ వాళ్ళకి ఎదురు వెళ్ళి నిలబడింది. "ఇశాలం కాదని ఎవులన్నారు బాబూ. మనిసి పక్కలకి బతకడు. రండి, మా ఇంట్లో ఒక గంట కూకోండి. టీ ఎట్టిత్తాను."

కమిటీలో పెద్దాయన నవ్వి, మరోసారి వస్తామన్నాడు. మొత్తం పదకొండు నిమిషాలు. వాళ్ళు పోగానే ఫ్యాన్లు ఎత్తుకుపోయారు.

మధ్యాహ్నం గురయ్యని బయటి ఆసుపత్రికి తీసుకుపోవడానికి వాకిలి కాపలా వాళ్ళ దగ్గర చీటీ అడిగాను. లోపలివాళ్ళు బయటికి పోవాలంటే డైరెక్టర్ సంతకం కావాలన్నారు. అడగడానికి వెళ్ళాను. రేపు చూద్దామన్నారు. రేపూ వెళ్ళాలి.

ఏప్రిల్ 12

చీటీ ఇవాళ సాయంత్రం వచ్చింది. పట్టుకుని పరిగెత్తాను.

గురయ్య మధ్యాహ్నమే పోయాడు.

ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. పాకలో ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. ఏడిస్తే రెండు కిలోమీటర్లూ వినపడుతుందని, పసిపిల్లలు జడుసుకుంటారని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. పోలమ్మ ఏడవలేదు. గురయ్య ముఖం మీద తడిగుడ్డ వేస్తూ తీస్తూ ఉంది.

"బయటికి తీసుకెళ్దాం పిన్నీ. సముద్రం ఒడ్డున..." అన్నాను.

"పంపరంట. అడిగేసినాడు మా అల్లుడు. చీటీ బతికున్నోడికంట, చచ్చినోడికి వేరే చీటీ అంట. మూడ్రోజులంట."

ఈ వేడిలో మూడు రోజులు. అక్కడే, పాకల వరసలు అయిపోయిన చోట, ఆ బూడిదరంగు నేలలో పూడ్చారు. గునపాలు విరిగాయి. ఇద్దరు అల్లుళ్ళు, వలీ అన్న కలిసి అర్ధరాత్రి దాకా తవ్వారు.

చీటీ నా జేబులోనే ఉంది. చింపలేదు. ఈ డైరీకి అంటించాను.

ఏప్రిల్ 14

నిన్నంతా ఇంట్లో కూర్చుని కొలతల నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఉద్యోగంలో చేరినప్పుడు పరీక్ష కోసం చదివింది, ఆ తర్వాత ముట్టుకోలేదు.

నలభై ఒకటో నిబంధన. ధ్రువపత్రం మీద సంతకం పెట్టిన కొలతదారు, అనుమానం వస్తే, వంద రోజుల్లోగా అదే అరని తిరిగి కొలవవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాకిలి మీద ఎర్రజెండా కడితే చాలు.

నలభై రెండు. తిరిగి కొలిచేటప్పుడు కొలిచేవాళ్ళు తప్ప అరలో ఒక్క మనిషి కూడా ఉండరాదు. ఎర్రజెండా పడిన మూడు గంటల్లో కాపలా వాళ్ళే ఖాళీ చేయించాలి. గంట శబ్దంలో జనం గోల కలవకుండా ఎవరో ఎప్పుడో రాసిన మాట అది.

నలభై మూడు. 'అనంతం' అని నమోదైన అరని తిరిగి కొలిచేటప్పుడు బండి వాడరాదు. చక్రం దొర్లిస్తూ నడవాలి. అంతు దొరికేదాకా, లేదా నాలుగు దిక్కులా దిక్కుకి వంద రోజుల చొప్పున. అప్పటిదాకా కొలత పూర్తయినట్టు కాదు.

నలభై మూడోదాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత వలీ అన్నకి ఫోను చేశాను.

"నాలుగు వందల రోజులు నడవాలి అన్నా. రాగలవా?"

"మీ వదినతో చెప్పాలి గదా," అన్నాడు. మళ్ళీ తనే, "ఆ జెండా నా దగ్గరుంది. రంగు వెలిసింది. పనికొస్తుందా?" అన్నాడు.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి వాకిలి మీద జెండా కట్టాను. కాపలా జవాను పుస్తకం తెరిచి చూసి, పై అధికారికి ఫోను చేసి, ఆయన పుస్తకం తెరిచి చూసి, ఇద్దరూ నా వంక చూశారు. తర్వాత ఈల వేశారు.

మూడు గంటలు కాదు, ఆరు గంటలు పట్టింది. వెయ్యిన్నూట నలభై కుటుంబాలు ఆ మూడు మీటర్ల వాకిలి లోంచి బయటికి వచ్చాయి. పోవడానికి శిబిరం లేదు, దాన్ని అప్పటికే దున్నేశారు. శాఖ ఆవరణలో కూర్చున్నారు. ఆవరణ నిండింది. వరండాలు నిండాయి. మెట్లు నిండాయి. పోలమ్మ రెండో అంతస్తులో, డైరెక్టర్ గారి గది ముందు చాప పరుచుకుని కూర్చుంది. పిల్లలు ఎండలో నిలబడి, తల వెనక్కి వాల్చి పైకి చూస్తున్నారు. మేఘాలు పోతున్నాయి. ఒక పిల్ల చాలాసేపు నోరు తెరుచుకుని చూసింది.

డైరెక్టర్ గారు నన్ను పిలిపించలేదు. ఆయనే కిందకి దిగి వచ్చారు, చాపల మధ్య కాళ్ళు పెట్టుకుంటూ.

"ఇది ఏం పని సువార్త గారూ? వీళ్ళని మళ్ళీ ఎప్పుడు లోపలికి పంపిస్తారు?"

"కొలత అయ్యాక సార్."

"ఎప్పుడవుతుంది?"

"అంతు దొరకాలి సార్. తమరే అనంతం అని అచ్చు వేయించారు."

ఆయన ముఖం ఎర్రబడటం అప్పుడు చూశాను. "నాలుగు వందల రోజులు నడుస్తారా మీరు? ఈ వయసులో?"

"నడుస్తాను."

"దీని ఫలితం తెలుసా మీకు?"

"గురయ్య అనే ఆయన పోయారు సార్, మీ సంతకం కోసం చూస్తూ. నాకు ఫలితాలు తెలుసు."

సంతోషంగా ఏమీ లేదు ఇది రాస్తుంటే. ఇదే జెండా ఇరవై ఆరు రోజుల కిందట, ఆ నోటీసు చూసిన రోజే కట్టి ఉండొచ్చు. పుస్తకం అప్పుడూ బీరువాలోనే ఉంది.

ఏప్రిల్ 20

పడమర వైపు నడక, ఆరో రోజు. నూట ముప్ఫై రెండు కిలోమీటర్లు. ఇద్దరం తోపుడుబండి మీద నీళ్ళూ బియ్యమూ లాక్కుంటూ, చక్రం దొర్లిస్తూ. మొత్తం దూరానికి నీళ్ళు చాలవు. నాలుగు రోజులకోసారి కాపలా వాళ్ళు బండి మీద తెచ్చి ఇవ్వాలి, అదీ నిబంధనే.

ఇక్కడ చల్లగా ఉంది, ఇరవై ఆరు. మనుషులు లేని చోట హాయిగానే ఉంటుంది ఈ అర.

ఈ పల్చటి చోట రేడియో కూడా గంట లాగే, ఎంత దూరం పోయినా అందుతూనే ఉంది. వాకిలి దగ్గర పెట్టిన రేడియోలో కాపలా వాళ్ళ కబుర్లు అన్నీ వినపడుతున్నాయి. క్యాంటీను వంటగదిని ఉప్పలగెడ్డ ఆడవాళ్ళు తీసుకున్నారట. మూడో అంతస్తు రెయిలింగుకి వలలు ఆరేశారట. పై నుంచి ఎవరో పెద్దవాళ్ళు వచ్చారట, మెట్లెక్కడానికి చోటు లేక కారు దగ్గరే నిలబడి మాట్లాడి పోయారట.

వలీ అన్న విని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"ఇంకా కోపమేనా?" అన్నాడు.

"నీకు లేదా?"

"నాకు మోకాలి నొప్పి ఉంది. రెండూ ఒకేసారి మొయ్యలేను." కాస్త నడిచాక మళ్ళీ, "నీ తప్పు ఎంతుందో అంతే మొయ్యి సువార్తమ్మా. ఆయన తప్పు కూడా నువ్వే మోస్తే ఆయనకి తేలికైపోతుంది," అన్నాడు.

చక్రం దొర్లించాను.

ఏప్రిల్ 29

మూడు వందల పదిహేను కిలోమీటర్లు. అంతు లేదు. వలీ అన్న మోకాలు వాచింది. తోపుడుబండి మీద కూర్చోమంటే కూర్చోడు. ఇవాళ ఏడు కిలోమీటర్లే నడిచాం.

నీళ్ళ బండి ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. రేపటి నుంచి ఐదు రోజులకోసారి అన్నారు. నిబంధన చదివి వినిపించాను. తెచ్చినవాడు తల వంచుకుని, "నాకు చెప్పింది చేస్తున్నానమ్మా," అన్నాడు. బండిలోంచి రెండు డబ్బాలు లెక్కలో లేనివి దింపి పోయాడు.

మే 6

మూడు వందల అరవై ఎనిమిది కిలోమీటర్ల దగ్గర ఉండగా రేడియోలో నా పేరు పిలిచారు. ఉత్తర్వు చదివారు.

డెబ్భై మూడో అర మొదటి తరగతి రద్దు. మనుషుల నివాసానికి పనికిరాదు. ఉప్పలగెడ్డ కుటుంబాల్లో నాలుగు వందలకి రేవు వెనక గుట్ట మీద స్థలం. మిగతావాళ్ళకి యాభై ఎనిమిదో అర. అది నేనే ఆరేళ్ళ కిందట కొలిచాను. మూడు దిశలూ పూర్తి, వర్షం కూడా పడుతుంది. తిరిగి కొలత అవసరం లేదు కాబట్టి నిలిపివేయవలెను.

ఇంకా ఉంది. చక్రపాణి గారికి బదిలీ, రేవుల శాఖకి, పై హోదాలో. నాకు సస్పెన్షను, ఛార్జి మెమో. ప్రభుత్వ పనికి ఉద్దేశపూర్వకంగా అడ్డం పడటం.

వలీ అన్న రేడియో కట్టేసి నేల మీద కూలబడి కాలు చాపుకున్నాడు. "గెలిచాం," అన్నాడు. ఆయనకి హోదా మాట వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో.

నేను చక్రాన్ని ఎత్తి విసిరేశాను. పడ్డ చప్పుడు చాలాసేపు ఉండిపోయింది.

మే 9

నీళ్ళు తెచ్చిన బండి మీద నిన్న సాయంత్రానికి బయటికి వచ్చాం. మేం రాగానే వాకిలికి ఇనుప తలుపు బిగించి సీలు వేశారు. ఇక ఎవరూ లోపలికి పోకూడదు.

ఇవాళ పొద్దున గేటు దగ్గర పోలమ్మ నిలబడి ఉంది, ఇద్దరు అల్లుళ్ళతో. వాళ్ళకి గుట్ట మీద చోటు వచ్చింది.

"కొలతమ్మా, ముసిలోడు లోపలుండిపోనాడు," అంది.

నన్ను ఆవరణలోకి రానివ్వకూడదు. వచ్చాను. ఉత్తర్వు చూపించమన్న జవానుకి, "నా పేరు రాసుకో బాబూ, తలారి సువార్త, ఎనిమిదీ నలభైకి," అని చెప్పి, కొలత మేకులు కొట్టే సుత్తితో సీలు పగలగొట్టాను. మూడు దెబ్బలు పట్టింది. అతను నిజంగానే రాసుకున్నాడు. రాసుకుని పుస్తకం మూసి, క్యాంటీను ట్రాలీ తీసుకొచ్చి ఇచ్చాడు.

చెయ్యాల్సిందంతా అల్లుళ్ళూ వలీ అన్నా చేశారు. నన్నూ పోలమ్మనీ దగ్గరికి రానివ్వలేదు. టార్పాలిన్ చుట్టి బయటికి తెచ్చారు.

ఇప్పుడు సముద్రం గుట్ట మొదట్లోనే ఉంది. అలలు అందని చోట చూసుకుని ఇసకలో గొయ్యి తీశారు. ఇసక ఇట్టే వచ్చేసింది. గాలి గట్టిగా వీస్తోంది, పోలమ్మ కొంగు నిలబడటం లేదు. అంతా అయ్యాక మగవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగారు. ఆవిడా నేనూ మిగిలాం.

"పిన్నీ," అన్నాను. "ఆ గోడ మీది కాగితం. దాని మీద సంతకం నాది."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"అంటించిన రోజే సదివాడు మా పెద్దల్లుడు. నువ్వొచ్చి పేరు సెప్పినప్పుడు ఇదే అనుకున్నాను."

"మరి ఒక్కసారీ అడగలేదు."

"అడిగితే మల్లీ వొచ్చీదానివి కాదేమో. మాకు వొచ్చీవోలు ఎవులున్నారు, నువ్వు తప్ప." కొంగు లాక్కుని నడుముకి దోపుకుంది. "ఇప్పుడడుగుతున్నాను. ఏల ఎట్టావు?"

ఎన్ని జవాబులు తయారు చేసి పెట్టుకున్నానో ఆ నడకలో. అవన్నీ వదిలేసి, "రెండో కాగితం చూస్తారనుకున్నాను," అన్నాను.

"సూళ్ళేదు," అంది.

"చూడలేదు."

తల ఊపింది. కోపంగా కాదు, ఊరడిస్తున్నట్టూ కాదు. ఇసక మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, లేచి, అల్లుళ్ళని కేకేసి గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. నన్ను రమ్మనలేదు.

వలీ అన్న పారలు కడుగుతున్నాడు. నేను సంచిలోంచి ఛార్జి మెమో తీసి మళ్ళీ చదివాను. ప్రభుత్వ పనికి అడ్డం పడ్డానని రాశారు. నిజమే. నెల ఆలస్యంగా పడ్డాను. జవాబులో అదే రాస్తాను.